ఒంటరితనము, ఏకాంతము: చీనా విద్యార్థుల కొక యింగ్లీషు పాఠము

పరభాష నేర్చుకొనువారికిఁ బెద్ద మాటలకంటెఁ జిన్న మాటలే యెక్కువ కష్టము కలిగించును. యంత్రముల పేరులు, రోగముల పేరులు, న్యాయస్థానపు పేరులు నిఘంటువులోఁ జూచి నేర్చుకొనవచ్చును. వానికిఁ దఱుచుగా నొక్కటే యర్థ ముండును. కాని మనుష్యుఁడు ప్రతిదినమును తన మనస్సును గుఱించి చెప్పుకొను మాటలు ఒక భాషనుండి మఱియొక భాషలోనికి సులభముగా రావు. అట్టివానిలో ఒంటరితనమును దెలుపు ఇంగ్లీషుపదములు ముఖ్యమైనవి. చీనాభాష మాతృభాషగాఁ గల విద్యార్థులకు వానిని ఎట్లు బోధింపవలెనో యీ వ్యాసమున వివరింపఁ దలఁచితిమి. ఇంగ్లీషు మనకును బరభాషయే. అదియును గాక, నేఁడు తెలుఁగు బిడ్డలనేకులు విదేశ విద్యాలయములలోఁ జీనా విద్యార్థులతో నొకే గదిలోఁ గూర్చుండి చదువుకొనుచున్నారు. కావున నీ పాఠము మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును బనికివచ్చునని నమ్ముచున్నాము.

దీనివలన నేమి లాభ మని యడుగువా రుందురు. ఒక యుదాహరణము చూతము. దూరదేశమునఁ జదువుకొనుచున్న యొక చీనా విద్యార్థి తన యింగ్లీషు స్నేహితునకు 'ఐ యామ్ లోన్లీ' అని వ్రాసె ననుకొందము. ఆ సాయంకాలము గదిలోఁ దానొక్కఁడే యున్నాఁడని చెప్పుటయే యతని తాత్పర్యము. స్నేహితుఁడు కంగారుపడి పరుగెత్తి వచ్చును. వచ్చి చూడఁగా నతఁడు హాయిగాఁ జదువుకొనుచుండును. ఇది నవ్వుకొని మఱచిపోవఁదగిన పొరపాటు. మఱియొక విద్యార్థి నెలల తరబడి మనోవ్యథ ననుభవించుచు, తగిన మాట తెలియక, 'ఐ యామ్ అలోన్' అని మాత్రమే వ్రాసె ననుకొందము. 'మంచిది, శ్రద్ధగాఁ జదువుకొనుము' అని స్నేహితుఁడు బదులు వ్రాసి యూరకుండును. ఇది మఱచిపోవఁదగిన పొరపాటు కాదు. మాట తప్పినందున నొక మనుష్యుని మొఱ వినఁబడకపోయెను.

మూఁడు ప్రశ్నలు

ఈ పదముల నన్నింటిని ఒక్కసారిగా బోధింపఁబూనుట మంచిది కాదు. మొదట మూఁడు ప్రశ్నలు నేర్పవలెను. ఒకటి: అచ్చట నెందఱున్నారు? రెండు: ఆ మనుష్యుని మనస్సెట్లున్నది? మూఁడు: తలుపు మూసిన దెవరు?

మొదటి ప్రశ్నకు సమాధానము 'అలోన్'. ఇది లెక్కకు సంబంధించినది. గదిలో నొక్కఁడే యున్నచో నతఁడు అలోన్. అతఁడు సంతోషముగా నుండవచ్చును, దుఃఖముతో నుండవచ్చును, నిద్రపోవుచుండవచ్చును. ఆ పదము దానిని గుఱించి యేమియుఁ జెప్పదు.

రెండవ ప్రశ్నకు సమాధానము 'లోన్లీ'. ఇది మనస్సునకు సంబంధించినది. తోడు కావలెనని కోరుకొనుచుఁ దోడు దొరకక బాధపడువాఁడు లోన్లీ. అట్టివాఁడు వేయిమంది నడుమ నుండవచ్చును. పెండ్లిపందిటిలోఁ గూర్చుండి కూడ మనుష్యుఁడు లోన్లీ కావచ్చును, కాని అలోన్ కాఁజాలఁడు. ఈ యొక్క వాక్యమును విద్యార్థి గ్రహించెనా, సగము పాఠము వచ్చినట్లే. 'లోన్లీనెస్' అను నామము ఈ బాధకుఁ బేరు.

మూఁడవ ప్రశ్నకు సమాధానము 'సాలిట్యూడ్'. మనుష్యుఁడు తానే కోరి, తానే తలుపు మూసికొని, ప్రార్థనకో చదువునకో విశ్రాంతికో యొక్కఁడుగా నుండునపు డది సాలిట్యూడ్. ఇందు బాధ కంటె శాంతి యెక్కువ.

పదముల పుట్టుక

పదముల పుట్టుక తెలిసినచో నర్థము మనస్సునఁ జక్కఁగా నిలుచును. 'అలోన్' అనునది రెండు చిన్న మాటల కలయిక. 'ఆల్' అనఁగా నంతయు, 'వన్' అనఁగా నొకటి. 'అంతయుఁ గూడి యొక్కటే' యని దాని మొదటి యర్థము. కాలక్రమమున నా పదపు మొదటి యక్షరము రాలిపోఁగా 'లోన్' మిగిలెను. ఆ లోన్‌కు 'లీ' యను ప్రత్యయము చేరి 'లోన్లీ' యయ్యెను. ఈ పదము రమారమి 1600వ సంవత్సరపుఁ బ్రాంతమున గ్రంథములలోఁ గనఁబడుచున్నది. మొదట నది తోడులేనివాఁడనియు, జనసంచారము లేని చోటనియు మాత్రమే తెలిపెను. తోడులేమివలనఁ గలుగు దుఃఖమను నర్థము తరువాత బలపడి, పందొమ్మిదవ శతాబ్దమున వాడుకలో స్థిరపడెను. 'ఓన్లీ' యను పదము కూడ నీ కుటుంబములోనిదే. అదియు 'వన్' నుండియే పుట్టినది.

'సాలిట్యూడ్' లాటిన్ వంశమునకుఁ జెందినది. లాటిన్‌లో 'సోలుస్' అనఁగా నొక్కఁడు. అది ఫ్రెంచిభాష మీఁదుగా ఇంగ్లీషులోనికి వచ్చెను. ఒక్కఁడే పాడు పాటకు 'సోలో' యనియు, పాడుపడిన ప్రదేశమునకు 'డెసొలేట్' అనియుఁ జెప్పు మాటలు దీని చుట్టములే. ముఖము ముడుచుకొని యెవరితోను మాటలాడనివానిని 'సల్లెన్' అందురు. అదియు నీ లాటిన్ మూలమునుండియే వచ్చినది. ఒక్క మూలమునుండి ధ్యానము చేసికొనువాని శాంతికిని, అలిగి కూర్చున్నవాని ముఖమునకును బేరులు పుట్టుట చిత్రము.

'ఐసొలేషన్' అను మఱియొక పద మున్నది. లాటిన్‌లో 'ఇన్సుల' యనఁగా ద్వీపము. చుట్టును నీరు ముట్టడించినట్లు ఇతరులతో సంబంధము తెగిపోవుట ఐసొలేషన్. ఇది కూడ మనస్సును గాక స్థితినే తెలుపును. 2020వ సంవత్సరమునఁ గరోనా వ్యాధి ప్రబలినపుడు వ్యాధిగ్రస్తులను వేఱుగా నుంచుటకు ఐసొలేషన్ అనియు, వ్యాధి సోఁకి యుండునేమో యను ననుమానము గలవారిని వేఱుగా నుంచుటకుఁ గ్వారంటీన్ అనియు వైద్యులు చెప్పిరి. చీనాభాషలో రెంటికిని 'గెలీ' యను నొకే మాట చెల్లును. కావునఁ జీనా విద్యార్థి యీ రెండు పదములను గలిపివేయుట సహజము.

చీనాభాషలోని మాటలు

ఇంగ్లీషు నేర్పు ఉపాధ్యాయుఁడు తన విద్యార్థి భాషలో నేమున్నదో కొంచెమైనఁ దెలిసికొనవలెను. లేనిచో విద్యార్థి యెందువలనఁ బొరపడుచున్నాఁడో తెలియదు. చీనాభాషలో నీ విషయమునకు ముఖ్యపదము 'గూదూ'. ఇది రెండు గుఱుతులు గల పదము. 'గూ' యను గుఱుతులో బిడ్డను దెలుపు భాగ మున్నది. దాని మొదటి యర్థము తండ్రిలేని బిడ్డ. నేఁటికిని అనాథబాలుని చీనావారు 'గూఅర్' అందురు. 'దూ' యను గుఱుతును పాతపద్ధతిలో వ్రాయునపు డందుఁ గుక్కను దెలుపు భాగము, ఉచ్చారణను దెలుపు భాగము ఉండును. క్రీస్తుశకము 100వ సంవత్సరపుఁ బ్రాంతమునఁ గూర్పఁబడిన 'షువోవెన్' అను ప్రాచీన నిఘంటువు, గొఱ్ఱెలు మందగా నుండుననియు, కుక్కలు ఒంటిగా నుండుననియు దీనికి వివరణ మిచ్చెను.

క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున నుండిన మెన్షియస్ అను చీనా తత్త్వవేత్త, రాజు ముందుగా నాదరింపవలసిన నలుగురు దీనులను బేర్కొనెను. భార్యలేని వృద్ధుఁడు, భర్తలేని వృద్ధురాలు, బిడ్డలులేని ముసలివారు, తండ్రిలేని బాలుఁడు. ఈ కడపటి యిద్దఱిలోఁ దండ్రిలేని బాలునకు 'గూ' యనియు, బిడ్డలులేని ముసలివారికి 'దూ' యనియుఁ బేరు. ఆ రెండు మాటలును గలిసినదే నేఁటి గూదూ. ముందు నడిపించు పెద్దలు లేనివాఁడొకఁడు, వెనుక నిలిచి యాదుకొను పిన్నలు లేనివాఁడొకఁడు.

ఇచ్చట నీ పాఠమునకు ముఖ్యమైన భేదము కనఁబడుచున్నది. ఇంగ్లీషుపదము లెక్కనుండి పుట్టినది. చీనాపదపు వెనుక బంధుత్వ మున్నది. ఇంగ్లీషువాఁడు 'ఎందఱున్నారు?' అని యడిగి పదము నేర్పఱచెను. చీనావాఁడు 'నీవారెవరు?' అని యడిగి పదము నేర్పఱచెను. మన తెలుఁగులో 'దిక్కులేనివాఁడు' అను మాట గలదు. గూదూకు దాని పోలిక కొంత యున్నది. ఈ భావము చీనాదేశమునఁ బాతపుస్తకములలో మాత్రమే నిలిచియుండలేదు. వృద్ధులకు దూరముగా నివసించు కుటుంబీకులు వారిని తఱుచుగాఁ జూడఁబోవలెనని, లేదా కుశలప్రశ్న చేయుచుండవలెనని, 2013వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన శాసనములోఁ జీనా ప్రభుత్వము వ్రాసెను.

రెండవ పదము 'జీమ్వో'. దీనిలోని రెండు గుఱుతులకును బైభాగమున నింటికప్పును దెలుపు గీఁత యుండును. రెంటికిని నిశ్శబ్దమను నర్థము గలదు. ఇంటిలో మాట వినఁబడకపోవుటవలనఁ గలుగు దిగులు జీమ్వో. ఇంగ్లీషులోని 'లోన్లీ' యను మాటకు నిత్యవ్యవహారమున నిది మిక్కిలి దగ్గఱగా నుండును. మూఁడవది 'గూదాన్'. తోడులేక బలహీనుఁడైనట్లు తోఁచుట దీని భావము.

మఱి 'అలోన్' అను మాటకుఁ జీనాభాషలో నేమున్నది? 'యీ గె రెన్' అను మూఁడు మాటలు చాలును. 'ఒక మనిషి' యని వాని యర్థము. 'అతఁడు ఒక మనిషి నివసించును' అని చీనావారు చెప్పినచో 'హీ లివ్స్ అలోన్' అని యర్థము. లెక్క చెప్పునపుడు గూదూ యవసరము లేదు.

'సాలిట్యూడ్' విషయమునఁ జిక్కున్నది. 'దూచూ' యను మాటకు, అనఁగా 'ఒక్కఁడుగా నుండుట' యనుదానికి, నది సరిపోవును. కాని గ్రంథములలో గూదూయే తఱుచుగా దానికి బదులు వచ్చును. గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ 1967లోఁ బ్రకటించిన స్పానిష్ నవలయొక్క పేరులోని పదమును 1970 నాఁటి యింగ్లీషు అనువాదము 'సాలిట్యూడ్' అని చెప్పఁగా, చీనా అనువాదము గూదూ యనియే చెప్పెను. ఇఁక 2018 జనవరిలో బ్రిటిషు ప్రభుత్వము 'లోన్లీనెస్' విషయము చూచుకొనుట కొక మంత్రిని నియమించెను. 2021లో జపాను ప్రభుత్వమును అట్లే చేసెను. ఆ జపాను పదవి పేరులో గూదూ యొక్క గుఱుతులే కలవు. జపానువారు వానిని 'కోదొకు' అని చదువుదురు. నవలలో సాలిట్యూడ్‌కును, ప్రభుత్వ కార్యాలయములో లోన్లీనెస్‌కును, ఆ రెండు గుఱుతులే నిలిచినవి. ఇట్లుండఁగా విద్యార్థి రెండు ఇంగ్లీషుపదములను ఒక్కటేయని తలఁచుటలో వింత యేమి?

అయినను జీనావారికి కోరుకొన్న యేకాంతము తెలియదని యెవ్వరును దలఁపరాదు. 'మహావిద్య', 'మధ్యమమార్గము' అను వారి ప్రాచీన గ్రంథములు రెండును 'షెన్‌దూ' యను నియమమును బోధించుచున్నవి. తన్నెవ్వరును జూడనపుడు కూడ మనుష్యుఁడు జాగ్రత్తగా నడుచుకొనవలె నని దాని భావము. అక్కడ 'దూ' దుఃఖము కాదు, శీలమునకుఁ బరీక్ష. భావము లోపించలేదు. ఇంగ్లీషువారు గీఁత గీసిన చోటఁ జీనావారు గీయలేదు, అంతియే.

మన తెలుఁగు మాటలు

ఇట్టిచిక్కు మనకును లేకపోలేదు. 'నేను ఒంటరిగా నున్నాను' అను తెలుఁగు వాక్యము అలోన్ అగునో లోన్లీ యగునో చెప్పువాని గొంతునుబట్టి తెలియవలసినదే. సాలిట్యూడ్‌కు మనకు 'ఏకాంతము' గలదని సంతోషింతుము. కాని 'రాజు మంత్రితో నేకాంతముగా మాటలాడెను' అన్నపు డచ్చట నిద్దఱున్నారు. ఆ యేకాంతము ఇంగ్లీషులో సాలిట్యూడ్ కాదు, 'ప్రైవసీ'. కావునఁ జీనా విద్యార్థి తప్పునకు నవ్వుటకు ముందు తెలుఁగు విద్యార్థి తన పుస్తకమును జూచుకొనవలెను.

వ్యాకరణము

ఇఁక వాక్యములలో నీ పదములు నిలుచు చోటులను జెప్పెదము.

మొదటిది. 'అలోన్' అను మాట నామమునకు ముందు విశేషణముగా నిలువదు. 'ది మ్యాన్ ఈజ్ అలోన్' అనవచ్చును, 'యాన్ అలోన్ మ్యాన్' అనరాదు. నామమునకు ముందు కావలసినచో 'లోన్' అనియో 'సాలిటరీ' యనియో చెప్పవలెను. చీనాభాషలో విశేషణము నామమునకు ముందు సులభముగా నిలుచును గనుక నీ తప్పు మాటిమాటికి వచ్చును.

రెండవది. 'లోన్లీ' యందలి 'లీ' ని జూచి మోసపోరాదు. 'స్లోలీ', 'క్విక్లీ' యనునవి క్రియావిశేషణములు. 'లోన్లీ', 'ఫ్రెండ్లీ' యనునవి విశేషణములు. కావున 'హీ లివ్స్ లోన్లీ' యనరాదు. లెక్క చెప్పవలసినచో 'హీ లివ్స్ అలోన్' అనియు, బాధ చెప్పవలసినచో 'హీ లివ్స్ ఎ లోన్లీ లైఫ్' అనియు వ్రాయవలెను.

మూఁడవది. 'వో హెన్ గూదూ' యని చీనావాఁడనును. 'నేను చాల ఒంటరి' యని మాటకు మాట. అందు 'ఉన్నాను' అను క్రియ లేదు. 'నేను ఒంటరిని' అను తెలుఁగులోను లేదు. కాని ఇంగ్లీషులో 'ఐ లోన్లీ' చెల్లదు. 'ఐ యామ్ లోన్లీ' యనియో 'ఐ ఫీల్ లోన్లీ' యనియో చెప్పవలెను. ఈ విషయమున నిరువురకును ఒకే యభ్యాసము చాలును.

నాలుగవది. 'అలోన్' చోటు మాఱినచో నర్థము మాఱును. 'హీ అలోన్ కెన్ డూ ఇట్' అనఁగా నతఁడు తప్ప మఱి యెవ్వరును జేయలేరని యర్థము. 'హీ కెన్ డూ ఇట్ అలోన్' అనఁగా నితరుల సాయము లేకయే చేయఁగలఁడని యర్థము. 'అతఁడొక్కఁడే చేయఁగలఁడు' అను తెలుఁగు వాక్యమున రెండర్థములును ఇమిడియున్నవి.

ఐదవది. 'లోన్లీ' చోటులకును జెల్లును. 'ఎ లోన్లీ రోడ్' అనఁగా జనసంచారము లేని బాట. బాటకు బాధ యున్నదని కాదు. 'లోన్సమ్' అను మాట లోన్లీకి దగ్గఱ చుట్టము, అమెరికాలో నెక్కువ వినఁబడును.

ఆఱవది. 'లీవ్ మీ అలోన్' అను వాక్యము కొంచెము కఠినమైనది. 'నా జోలికి రావద్దు' అని దాని ధ్వని. మనస్సు బాగులేనపుడు చీనావాఁడు 'రాంగ్ వో జింగ్ యి జింగ్' అనును. 'నన్నుఁ గొంచెము నిశ్శబ్దముగా నుండనిమ్ము' అని దాని భావము. దానికి 'లీవ్ మీ అలోన్' అని యనువదించినచో స్నేహితుఁడు నొచ్చుకొనును. 'ఐ నీడ్ సమ్ టైమ్ బై మైసెల్ఫ్' అని నేర్పుట మేలు.

తలుపు మూసిన దెవరు?

మూఁడవ ప్రశ్నను మరల నెత్తుకొందము. హెన్రీ డేవిడ్ థోరో యను నమెరికా రచయిత 1845 జూలై మొదలు 1847 సెప్టెంబరు వఱకు వాల్డెన్ చెఱువు గట్టున నొక చిన్న గుడిసెలో నొక్కఁడుగా నివసించెను. దానిని గుఱించి యతఁడు 1854లోఁ బ్రకటించిన గ్రంథమున నొక యధ్యాయమునకు 'సాలిట్యూడ్' అని పేరు. అతని గుడిసెకు నతిథులు వచ్చుచుండిరి. కంకార్డ్ ఊరికి నడిచిపోఁగల దూరమే. అతఁడును బోవుచుండెను. గడియ లోపలివైపు నుండెను.

దీనికి భిన్నముగా, 1829లో ఫిలడెల్ఫియా నగరమున 'ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ' యను చెఱసాలను దెఱచిరి. ఖైదీ యొక్కఁడుగా నుండినచో నాలోచించి పశ్చాత్తాపపడునని దానిని స్థాపించినవారు సదుద్దేశముతోనే నమ్మిరి. ఛార్లెస్ డికెన్స్ 1842లో దానిని జూచి, యది మనుష్యుని మనస్సును హింసించు క్రూరశిక్ష యని తన ప్రయాణగ్రంథమున ఖండించెను. ఐక్యరాజ్యసమితి 2015లో నంగీకరించిన మండేలా నియమములు, దినమునకు 22 గంటలు గాని యంతకు మించి గాని మనుష్యసంపర్కము లేకుండ నుంచుటను 'సాలిటరీ కన్ఫైన్‌మెంట్' అని నిర్వచించి, వరుసగా 15 దినములకు మించి యట్లుంచుటను నిషేధించినవి.

థోరో గుడిసెలోను ఒక్క మనుష్యుఁడే, చెఱగదిలోను ఒక్క మనుష్యుఁడే. లెక్క రెండు చోటులను సమానము. గడియ యెటువైపున నున్నదో యదియే భేదము. కావున 'సాలిట్యూడ్' అను మాట నేర్పునపుడు తలుపును గూడ నేర్పవలెను. సాలిట్యూడ్ కోరినవాఁడు తలుపు తెఱచుకొని మరల మనుష్యుల నడుమకు రాఁగలఁడు.

వర్డ్స్‌వర్త్ పద్యము

డాఫొడిల్ పువ్వులను గుఱించి విలియం వర్డ్స్‌వర్త్ 1804లో రచించి 1807లోఁ బ్రకటించిన పద్యమును మన పాఠకులలోఁ బెక్కండ్రు చదివి యుందురు. దాని మొదట 'లోన్లీ' యను మాటయు, చివర 'సాలిట్యూడ్' అను మాటయుఁ గలవు. చీనా విద్యార్థి మొదటి మాటను జూచి కవి దుఃఖించుచున్నాఁడని తలఁచును. కాని యచ్చట నది మేఘమునకుఁ జేసిన పోలిక. ఒంటిగాఁ దిరుగుట యనుదానికంటె నెక్కువ బాధను జెప్పదు. చివరి మాట నిస్సందేహముగా సంతోషమును జెప్పును. ఇందొక విశేషము గలదు. ఆ పువ్వులను జూచిన దినమునఁ గవి యొంటరిగా లేఁడు. ఆయన చెల్లెలు డొరొతీ వెంట నుండెను. ఆమె 1802 ఏప్రిల్ 15వ తేదీని దన దినచర్యలో నా పువ్వులను వర్ణించెను. తోడుతోఁ జూచిన దృశ్యమును గవి తరువాత నేకాంతమున ననుభవించెను. నిండిన మనస్సు గలవానికే యేకాంతము తియ్యఁగా నుండునని దీనివలన మాకుఁ దోఁచుచున్నది.

ఆ 1807వ సంవత్సరముననే రాబర్టు మారిసన్ అను మిషనరీ చీనాదేశపుఁ గాంటన్ నగరమునకుఁ జేరెను. ఆయన కూర్చిన చీనా ఇంగ్లీషు నిఘంటువు 1815 మొదలు 1823 వఱకు మకావోలో ముద్రింపఁబడెను. రెండు భాషల నడుమ వంతెన కట్టు పని యెంత యోపికతోఁ గూడినదో యీ సంవత్సరములే చెప్పుచున్నవి.

అభ్యాసము

క్రింది సందర్భములకుఁ దగిన ఇంగ్లీషుపదము లేవో విద్యార్థులు ముందు తామే యాలోచించి, తరువాత సమాధానములను జూడవలెను.

1. ఒక ముసలమ్మ తన యింటిలో నొక్కతెయే యుండును. సాయంకాలము పొరుగువారితో ముచ్చటించి సుఖముగా నిద్రపోవును.
2. మూఁడువందల మంది యున్న వసతిగృహములోఁ గ్రొత్తగాఁ జేరిన బాలునితో మాటలాడువారు లేరు. అతఁ డన్నము సరిగా దినుట లేదు.
3. ఒక గురువు ఏఁటి కొక వారము కొండమీఁది కుటీరమునకుఁ బోయి మౌనముగా నుండి వచ్చును.
4. వరదలో దారులు తెగి యొక గ్రామమునకుఁ బైవారితో సంబంధము లేకపోయెను.
5. విశాలమైన చేనిలో నొక్క తాటిచెట్టు నిలిచియున్నది.
6. చీఁకటి పడిన తరువాత నెవ్వరును నడువని బాట.

సమాధానములు: మొదటిది అలోన్. రెండవది లోన్లీ. మూఁడవది సాలిట్యూడ్. నాలుగవది ఐసొలేటెడ్. ఐదవది సాలిటరీ, లేదా లోన్. ఆఱవది లోన్లీ. రెండవ ప్రశ్నకు 'అలోన్' అని వ్రాసినవారు అచ్చట మూఁడువందల మంది యున్నారను మాటను మరల జదువవలెను.

కడపటి మాట

అమెరికా దేశపు సర్జన్ జనరల్ 2023లోఁ బ్రకటించిన హెచ్చరికపత్రము పేరులో లోన్లీనెస్, ఐసొలేషన్ అను రెండు మాటలును బ్రక్కప్రక్కన నున్నవి. మనుష్యులతో సంబంధములు తక్కువగుట యొకటి, ఆ కొఱతను మనస్సున ననుభవించుట మఱియొకటి యని యా పత్రము వేఱుగాఁ జెప్పెను. పాఠశాలలోఁ జిన్న వ్యాకరణభేదముగాఁ గనఁబడునది వైద్యునకుఁ గూడఁ గావలసిన భేద మాయెను.

కావున నుపాధ్యాయులకు మా మనవి యిది. పరభాష మాటలాడు విద్యార్థి యీ పదములలో నొకదానిని దప్పుగా వ్రాసినపుడు ఎఱ్ఱసిరా కలమును వెంటనే యెత్తవలదు. 'నీ గదిలో నీవొక్కఁడవే యున్నావా? నీకు దిగులుగా నున్నదా? నీవే కోరి యట్లున్నావా?' అని ముందు మూఁడు ప్రశ్నలు వేయుఁడు. అతని యుత్తరము వినిన తరువాత సరియైన పదమును బుస్తకములో వ్రాయింపుఁడు.

విద్యార్థులారా, మీరును దూరదేశమునకుఁ బోయినపు డీ మాటలను జ్ఞాపక ముంచుకొనుఁడు. మీకు దిగులు గలిగినచో 'అలోన్' అను లెక్కమాట వెనుక దాఁగవలదు. 'లోన్లీ' యని స్పష్టముగాఁ జెప్పుఁడు. ప్రక్కబల్లపైఁ గూర్చున్న చీనా విద్యార్థి 'ఐ యామ్ అలోన్' అనినచో నతని ముఖమును గూడఁ జూడుఁడు. అతఁడు తన భాషలోని గూదూను మనస్సునం దుంచుకొని, చేతికి దొరికిన మాటను వాడుచుండవచ్చును. అపుడు మీరు చేయవలసినది వ్యాకరణము దిద్దుట కాదు. కుర్చీ దగ్గఱకు జరుపుకొని కూర్చుండి, 'భోజనము చేసితివా?' అని యడుగుటయే.